కుడి పురి, ఎడమ పురి

మొన్న మేనకోడలి పెళ్లికి చీరలు కొందామని ధర్మవరం వెళ్లాను. కొట్లో ఆయన ఒక పెట్టె మూత తీసి, చీర మీద కప్పిన కాగితం పక్కకు లాగాడు. చరచరమని చప్పుడైంది. ఇప్పుడు దాదాపు అన్ని కొట్లలోనూ మెత్తటి ప్లాస్టిక్ కవర్లే, వాటికి నోరు లేదు. ఆ ముసలాయన మాత్రం ఇంకా పాత సెలొఫేన్ కాగితమే వాడుతున్నాడు. నేను చీర వదిలేసి ఆ కాగితం అందుకుని, వీధి గుమ్మం వైపు తిరిగి వెలుతురుకు పట్టి చూస్తూ నిలబడ్డాను. "చీర చూడమంటే కాగితం చూస్తాండావేమే" అని మా వదిన విసుక్కుంది. ఆమె తప్పేమీ లేదు. ఆ చప్పుడు వింటే అందరికీ పెళ్లి గుర్తొస్తుంది, నాకు హిందూపురంలో ఒక రేకుల షెడ్డు, అందులో గాజు పలకను కిటికీకి ఎత్తిపట్టి ఒక కన్ను మూసుకుని చూసే జైబున్నీసా మేడం గుర్తొస్తారు. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసినా, పెనుకొండ బస్టాండులో కాయగూరల సంచితో నిలబడ్డ ఒక మామూలు మనిషి అనుకునేవారు.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. ఎనభైల మధ్యలో నేను కెమిస్ట్రీతో బి.ఎస్సీ. పాసై, ఇంట్లో రాట్నం ముందు కూర్చుని పట్టు చుడుతూ ఉండేదాన్ని. చదివిన చదువుకూ తిరిగే రాట్నానికీ మధ్య ఏ సంబంధమూ లేదని రోజూ మా నాయనతో గొడవ. హిందూపురంలో ఒక మేడం గాజు పలకల మీద ఏవో పొరలు వేసే చిన్న షెడ్డు నడుపుతోందనీ, రసాయనాలు తెలిసిన ఆడపిల్లలు కావాలంటోందనీ ఎవరో చెప్తే, పొద్దుటి ప్యాసింజరు ఎక్కి వెళ్లాను. దారంతా సూత్రాలు వల్లె వేసుకున్నాను. ఆమె ఒక్క సూత్రమూ అడగలేదు. ఒక గాజు పలక, ఒక పట్టుగుడ్డ పేలిక చేతికిచ్చి తుడవమంది. ఇంట్లో అద్దం తుడిచినట్టు గుండ్రంగా తుడిచాను. ఆమె ఇంకో పలక ఇచ్చింది. మొదటిది బాగా రాలేదేమోనని దాన్ని ఇంకా గట్టిగా, ఇంకా గుండ్రంగా తుడిచాను. అప్పుడు నవ్వింది.

"మగ్గం ఇంట్లో పుట్టినావు, దారం గుండ్రంగా తిరిగేది యాడైనా చూసినావా? ఒక్క దిక్కుకే తుడువమ్మా."

తుడవడానికి అంత తతంగం ఎందుకో తెలియడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ఆమె పెనుకొండ నుంచి అదే ప్యాసింజరులో వచ్చేది, కాబట్టి నా రెండో చదువంతా ఆ రైలు పెట్టెలోనే జరిగింది. ద్రవమంటే సంత, ఎవరి మొహం ఎటుందో తెలియదు. గడ్డకట్టిన స్ఫటికమంటే సినిమా హాల్లో నంబరు కుర్చీలు, ఎవరూ కదలరు. ఈ రెండింటికీ నడుమ రేషను షాపు వరుస ఉంటుంది. మనుషులు ముందుకూ వెనక్కూ జరుగుతూనే ఉంటారు, తోసుకుంటూనే ఉంటారు, మొహాలు మాత్రం అందరివీ కిరసనాయిలు డ్రమ్ము వైపే. దాన్ని ద్రవస్ఫటికం అంటారు. గాజును పట్టుగుడ్డతో ఒకే దిక్కుకు రుద్దితే దాని మీది పూతలో కంటికి కనిపించని దారులు పడతాయి, ఆ అణువులు వాటి వెంట పడుకుంటాయి. ఇంతవరకూ నాకు బాగానే ఎక్కింది. పాలిమర్ దగ్గర తల తిరిగింది. ఆ రోజు కిటికీ అవతల ఒకతను గొర్రెలను తోలుకుపోతున్నాడు, వాటిని చూపించి చెప్పింది. ఒక పొడుగాటి మోకుకు వరుసగా గొర్రెలను కట్టామనుకో. మెడతాడు మరీ పొట్టిగా ఉంటే మోకు ఎటు వంకర తిరిగితే గొర్రె అటు తిరగాల్సిందే. జానెడు తాడు వదిలితే మోకు దారి మోకుది, గొర్రెల దారి గొర్రెలది, అన్నీ ఒకే పక్కకు తిరిగి మేస్తాయి. మేము చేసే పదార్థమూ అంతే. పొడవాటి గొలుసుకు ద్రవస్ఫటికపు అణువులను చిన్న తాళ్లతో కట్టడం. తాడు ఎంత వదలాలో కనుక్కోవడానికే పెద్దపెద్దవాళ్లకు ఏళ్లు పట్టిందట.

పని మాత్రం ఓపికకు పరీక్ష. ఫ్లాస్కులో గాలి చొరకుండా నైట్రోజన్ పంపుతూ మరిగించాలి. తయారైన చిక్కటి ద్రావణాన్ని చల్లటి మెథనాల్లోకి బొట్టు బొట్టుగా వదిలితే, పాలు విరిగినట్టు తెల్లటి ముద్దలు తేలేవి. వాటిని కడిగి ఆరబెట్టి, రవ్వంత తీసుకుని రెండు పలకల మధ్య పెట్టి వేడి చేసి, పై పలకను ఒకసారి నెమ్మదిగా జరిపితే చాలు, అప్పటిదాకా మబ్బుగా ఉన్నది కాస్తా రంగు తిరిగేది. వేడిని బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఆకుపచ్చ రాగానే తీసి చల్లటి ఇనుపరేకు మీద పెట్టాలి. ఆ రంగు అక్కడే గడ్డకట్టి నిలిచిపోయేది. క్షణం ముందో వెనకో అయితే నీలమో పసుపో మిగిలేది, మేడం పెదవి విరిచేది.

ఒకసారి పనికిరాదని పక్కన పెట్టిన పలక అడిగి ఇంటికి తెచ్చాను. మా నాయన అద్దకమూ తెలిసినవాడు. ఏ రంగు కలిపారని అడిగాడు. రంగే లేదన్నాను. పలకను తన తెల్ల పంచె మీద పెట్టి చూశాడు, ఏమీ లేదు. మా అవ్వ కప్పుకున్న నల్ల కంబళి మీద పెట్టాడు, రామచిలుక వచ్చి వాలినట్టు పచ్చగా వెలిగింది. అణువులు పురి పెట్టిన దారంలా మెలితిరిగి ఉంటాయనీ, ఆ పురి బిగువును బట్టి ఒక్క రంగు వెలుతురును మాత్రం వెనక్కి కొడతాయనీ చెప్పాను. ఆయన అంతా విని, "ఉతికితే పోదు గదా?" అన్నాడు. అద్దకం తెలిసినవాడి మొదటి భయం అదే మరి.

షెడ్డు గేటు దగ్గర మేడం వాళ్లన్న మస్తాన్ కూర్చునేవాడు. పేరుకు కాపలా. చూపు దాదాపు లేదు, నడి వేసవిలో కూడా మనిషి అతనికి మసక నీడే. కానీ చెప్పుల చప్పుడును బట్టి ఎవరొచ్చారో చెప్పేవాడు, నాకు కొత్త చెప్పులు కొన్నప్పుడల్లా "ఎవరమ్మా కొత్త మనిషి" అని ఎగతాళి చేసేవాడు. సాయంత్రం షెడ్డుకు తాళం వేశాక మేడం చేతిసంచి పట్టీ పట్టుకుని స్టేషనుకు నడిచేవాడు. తాళం పడ్డ చప్పుడు వినగానే రోజూ ఒకటే ప్రశ్న. "ఆపిందా?" మేడం రోజూ ఒకటే జవాబు. "సగం." ఆ అన్నాచెల్లెళ్ల మాటలు దేని సంగతో నాకు మొదట తెలియలేదు. ఆ తర్వాత తెలిసింది.

బెంగుళూరులో ఒక ప్రయోగశాలవాళ్లు ఆకుపచ్చ లేజరుతో పని చేసేవారు. అది కంట్లో పడితే కన్ను పోతుంది. ఆ ఒక్క రంగును ఆపేసి మిగతా వెలుతురంతా రానిచ్చే కళ్లద్దాలు దొరికితే, పని చేసేవాళ్లు చీకట్లో తడుముకోనక్కర లేదు. మా పచ్చని పొర సరిగ్గా ఆ పనికి పుట్టినట్టుంది. అక్కడినుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. నల్లగుడ్డ మీద పలక పెట్టగానే ఆయన మొహం కూడా వెలిగింది. కళ్లద్దాలుగా చేసి రెండు వారాల్లో పట్టుకురమ్మని చెప్పి వెళ్లాడు. షెడ్డు, సామాను అంతా నూనె మిల్లు రంగప్పది. చెనక్కాయ నూనెలో సంపాదించింది ఈ గాజు ముక్కల మీద పెట్టానని ఆయన అందరితో చెప్పుకునేవాడు, గొప్పో ఏడుపో తెలిసేది కాదు. ఈ పని కుదిరితే షెడ్డు నిలుస్తుంది, కుదరకపోతే నూనె డబ్బాలు పెట్టుకుంటానని మా ముందరే చెప్పాడు. షెడ్డు పోతే నేను మళ్లీ రాట్నం ముందుకే.

ఆఫీసరు వెళ్లాక మేడం రంగప్పను లోపలికి పిలిచి, పొర వెనక ఆకుపచ్చ దీపం పెట్టి, కొలిచే యంత్రం ముల్లు చూపించింది. వెలుతురులో సగం అవతలికి పోతూనే ఉంది. పలక మీద పలక పెట్టింది, అయినా సగమే. ఇంకొకటి పెట్టింది, ముల్లు పెద్దగా కదల్లేదు. వెలుతురులోనూ దారంలో లాగే కుడి పురి, ఎడమ పురి ఉంటాయట. మా పొరలో మెలిక ఒక పక్కకే. అది తన పురి వెలుతురును వెనక్కి కొట్టి, రెండోదాన్ని పోమ్మా పో అని వదిలేస్తుంది. ఎన్ని పెట్టినా అన్నీ ఒకే పక్కకు మెలితిరిగినవే కాబట్టి రెండో పురి దర్జాగా నడిచిపోతుంది. రెండో పక్కకు మెలిక తిరిగే పదార్థం చేద్దామంటే, ఆ మెలిక కోసం మేము వాడే కొలెస్ట్రాల్‌ను జీవాల ఒంట్లో దేవుడు ఒక చేతివాటంగానే చేశాడు.

రంగప్పకు ఇవేవీ పట్టలేదు. "పచ్చగా కనిపిస్తాంది గదమ్మా. ఆ సారే ఒప్పుకున్యాక మనకేమి?" అన్నాడు. మేడం పంపనంది. ఆయన అరవలేదు, నెలాఖరుకు షెడ్డు ఖాళీ చేయమని చెప్పి వెళ్లిపోయాడు. ఉన్నమాట చెప్పాలంటే ఆ రోజు నాకు ఆమె మీద ఒళ్లు మండింది. చదువుకున్న పెద్దమనిషే వచ్చి చూసి బాగుందన్నాక, లేదు సగమే అని చాటింపు వేయడం ఏం తెలివి అనుకున్నాను. గేటు దగ్గర మస్తాన్ పక్కన కూర్చుని ఆ మాటే అనేశాను. అతనికి కోపం రాలేదు. తన కథ చెప్పాడు.

వాళ్ల నాయన పెట్టెలో కళ్లద్దాలు సర్దుకుని సంతలన్నీ తిరిగి అమ్మేవాడు. చిలమత్తూరు, పెనుకొండ, హిందూపురం. మస్తాన్ డెబ్బైలలో హిందూపురంలో ఒక వెల్డింగు షాపులో గేట్లు అతికేవాడు. నిప్పు రవ్వల వెలుగుకు కళ్లు మండుతున్నాయంటే, నాయన పెట్టెలో అన్నిటికన్నా నల్లటి జత తీసి ఇచ్చాడు. నల్లగా ఉంటే ఆపుతుందని ఆయన నమ్మకం. మోసం చేయాలని కాదు, కన్నకొడుకుకు ఏరి ఇచ్చాడు. వాటినే నమ్ముకుని మస్తాన్ కొన్నేళ్లు పని చేశాడు. ఆ నల్లదనం కంటికి చల్లగా ఉండేదట, అందుకే ఇంకా దగ్గరికి వంగి చూసేవాడట. చూపు నడిమధ్యలో మచ్చ పడి, అది పెద్దదైంది. ఆ తర్వాత నాయన ఆ పెట్టె మళ్లీ తెరవలేదు. అప్పుడు చెల్లెలు జైబూ కాలేజీలో చదువుతోంది. ఏ శాస్త్రం చదవాలో ఆమె ఇక వెతుక్కోనక్కర లేకపోయింది, వెలుతురును ఆపే శాస్త్రమే చదివింది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. భయం మాత్రం పోలేదు.

మేడం తనే బెంగుళూరు వెళ్లి, ఇది కళ్లద్దాలకు పనికిరాదని మొహాన చెప్పి వస్తానంది. అక్కడ చూపించడానికి ఉన్నవాటిలో మంచి పలకలు ఏరి, ఇంటికి తీసుకుపోయి జాగ్రత్తగా కట్టి పొద్దున రైల్లో తెమ్మని నాకు అప్పగించింది. పలకకూ పలకకూ మధ్య బటర్ పేపరు తప్ప ఇంకేదీ తగలకూడదని ఎప్పుడూ చెప్పేది. తీరా కట్టబోతే బటర్ పేపరు లేదు. మా ఇంట్లో దొరికేది ఒకటే. చీర మడతకూ మడతకూ మధ్య జరీ రాసుకోకుండా సెలొఫేన్ కాగితం ఒక పొర వేసి కట్టడం నాకు చిన్నప్పటినుంచీ చేతికి పట్టిన పని. ఆలోచించను కూడా లేదు. పలక, కాగితం, పలక. అచ్చం పెళ్లికూతురి చీర కట్టినట్టు కట్టేశాను.

పెనుకొండలో అన్నాచెల్లెళ్లు రైలెక్కారు. మేడం కూర్చోగానే పొట్లం అడిగింది. నన్ను నమ్మక కాదు, ఆమె దేన్నైనా రెండోసారి చూడందే నమ్మేది కాదు. పొట్లం విప్పుతుంటే చరచరమంది. మస్తాన్ "చీరలు తీసుకపోతాండారా బెంగుళూరుకి?" అని నవ్వాడు. మేడం నవ్వలేదు. ఆమె జంట పలకలను అలాగే కాగితంతో సహా ఎత్తి కిటికీకి పట్టింది. మామూలుగా మా పొరలోంచి చూస్తే ఆకాశం లేత గులాబీగా కనిపించేది, పచ్చ కొంత తీసేస్తే మిగిలేది అదే. ఆ పొద్దున ఆకాశం చిక్కటి రాణి రంగులో ఉంది.

"చౌడేశ్వరీ, మధ్యలో ఏం పెట్టినావు?"

తిట్లకు సిద్ధపడి, బటర్ పేపరు అయిపోయిందని, చీర కాగితం పెట్టానని చెప్పాను. ఆమె ఆ కాగితం బయటికి లాగి మళ్లీ చూసింది. లేత గులాబీ. మళ్లీ పెట్టింది. రాణి రంగు. నావైపు చూసి నా చేయి గట్టిగా పట్టుకుంది. బెంగుళూరు టికెట్లు చేతిలో ఉండగానే ముగ్గురం హిందూపురంలో దిగేశాం. షెడ్డుకు నడుస్తూ చెప్పింది. ఆ కాగితాన్ని తయారుచేసేటప్పుడు ఒక పక్కకు సాగదీస్తారు కదా, అది వెలుతురు పురిని తిప్పేస్తుంది. ఎడమ పురి కుడి పురి అవుతుంది. మొదటి పలక వదిలేసిన వెలుతురు కాగితంలో దూరి పురి మార్చుకుని రెండో పలక చేతికి చిక్కుతుంది. ఈ సంగతి తను పుస్తకంలో చదివిందే, ఇందుకు విదేశాల నుంచి తెప్పించుకునే పలుచటి రేకులుంటాయి, వాటికి రంగప్పను డబ్బు అడిగే ధైర్యం లేక ఊరుకుంది. చీర పెట్టెలో ఉంటుందని మాత్రం అనుకోలేదట.

ఆ వారం నా పని ధర్మవరంలో చీరల కొట్లన్నీ తిరిగి కాగితాలు అడుక్కోవడం. చీర కొనకుండా కాగితం అడిగేదాన్ని చూసి ఒకాయన మా నాయనకు కబురు చేశాడు, మీ బిడ్డకు బాగలేదా అని. ఒక్కో కొట్టు కాగితం ఒక్కో మందం, అన్నీ పురిని సరిగ్గా తిప్పవు. రెండు పొరలు వేస్తే తిప్పినదాన్ని మళ్లీ వెనక్కి తిప్పి మొదటికే తెస్తాయి. మేడం ఒక్కొక్కటీ పెట్టి యంత్రం ముల్లు చూసేది. చివరికి కుదిరిన కాగితంతో ఆ ముల్లు దాదాపు అడుగుకు దిగింది. రంగప్పను పిలిచాం. ఆయన మొదటిసారి మా అందరికీ కారాబూందీ తెప్పించాడు. ఇంకేం, అద్దాలు బిగించి పంపేద్దాం అన్నాడు. షెడ్డు నిలిచిందని నాకు కళ్లనీళ్లు వచ్చినంత పనైంది.

మేడం కారాబూందీ తినలేదు. ముల్లు అడుగుకు ఎందుకు ఆనలేదా అని దాన్నే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం తాళం పడింది. మస్తాన్ ఎప్పటిలాగే అడిగాడు.

"ఆపిందా?"

"శానా ఆపింది. అంతా కాదు."

"ఆ మిగిలింది కన్ను తీస్తుందా?"

మేడం తాళంచెవి సంచిలో వేసింది. "తీస్తుంది" అంది.

"అయితే చెప్పి ఇయ్యి జైబూ. నాకు చెప్పేవాళ్లు లేకపోయిరి."

మర్నాడు ఆమెతో నేనూ బెంగుళూరు వెళ్లాను. ఆ ఆఫీసరు ముందు పలకలు పెట్టి, ఇది ఎంత ఆపుతుందో, ఎంత వదులుతుందో, తేమ తగిలితే కాగితం ముడత పడి ఇంకెంత వదులుతుందో, ఒక్కటీ దాచకుండా చెప్పింది. కళ్లకు పెట్టుకోవద్దని చివర్లో మళ్లీ చెప్పింది. ఆయన చాలాసేపు పలకను తిప్పి తిప్పి చూశాడు. కళ్లద్దాల పని మాకు రాలేదు. యంత్రాలకు అమర్చే చిన్న చిన్న కిటికీల్లో, మనిషి కన్ను వెనక ఉండని చోట, ఈ పొర పనికొస్తుందని కొన్ని పలకలు అడిగాడు. రంగప్ప సణుగుతూనే షెడ్డు ఉంచాడు. ఆ చిన్న పనితో, అలాంటివే ఇంకొన్నిటితో మూడు నాలుగేళ్లు నడిచింది. తర్వాత ఆయన అన్నట్టే అందులోకి నూనె డబ్బాలు వచ్చాయి. అప్పటికి నేను రాట్నానికి అందనంత దూరం వచ్చేశాను. ఒక మందుల కంపెనీలో సరుకు పరీక్షించే ఉద్యోగం దొరికింది, రిటైరయ్యేదాకా అదే చేశాను. అక్కడ నన్ను వెనకాల 'సగం మేడం' అనేవారు. ఏ మందును పరీక్షించినా ఇది బాగుందా అంటే, ఎంతవరకు బాగుందో చెప్పేదాన్ని కాబట్టి.

జైబూ మేడం పోయి కొన్నేళ్లయింది. మస్తాన్ ఆమెకంటే ముందే పోయాడు. చివరిసారి మేడంను పెనుకొండలో చూసినప్పుడు నేను తెలియకుండా కట్టిన ఆ పొట్లం సంగతి తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె దాన్ని నా తెలివిగా ఎప్పుడూ చెప్పలేదు, తన తెలివిగా కూడా చెప్పలేదు. ధర్మవరం కాగితం అనేది, అంతే.

ఈ ఏడు నాకు కంట్లో శుక్లం తీశారు. ఎండలో నల్లద్దాలు పెట్టుకోమన్నారు. హిందూపురంలో పెద్ద షాపుకు వెళ్లి ఒక జత చేతిలోకి తీసుకుని, ఇవి ఏం ఆపుతాయని అడిగాను. "అంతా ఆపుతాయి మేడం" అన్నాడు ఆ అబ్బాయి నవ్వుతూ. అద్దాలు బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. సందు చివర చిన్న కొట్లో ఒక ముసలాయనను అదే అడిగాను. ఆయన అద్దాలు వెలుతురుకు పట్టి ఒక కన్ను మూసి చూశాడు. "ఎండ తగ్గుతుందమ్మా. లోపల ఇంకేమేమి ఆపుతుందో నాకు తెలీదు. డాక్టరుకు చూపించి పెట్టుకో" అన్నాడు. ఆయన దగ్గర కొన్నాను. డాక్టరుకు చూపించాకే పెట్టుకున్నాను.